రోటి పచ్చడి, పాత బుల్లెట్

మా నాన్నగారి పాత బుల్లెట్‌కు ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ పెట్టిద్దామని నేనంటే ఇంట్లో మగవాళ్లంతా ఒక్కటయ్యారు. "ఒరిజినల్ పోతుందమ్మా!" అని. షెడ్డులో బొమ్మలా నిలబెట్టడం కంటే రోడ్డెక్కించడమే దానికి మర్యాద అంటాను నేను.

1955 నుంచి మద్రాసులో తయారైన ఈ బండికి అప్పట్లో ప్లాటినం పాయింట్లుండేవి. అవి విడిపోయే సందు అర మిల్లీమీటరు కూడా ఉండదు. అవి అరిగినా, మసిబారినా బండి మొరాయిస్తుంది. టైమింగ్ తప్పితే కిక్కర్ తిరగదన్ని కాలు నొప్పి చేస్తుంది. సూళ్లూరుపేట నుంచి శ్రీహరికోట దారిలో ఆగిందనుకోండి, రెండు పక్కలా పులికాట్ సరస్సే! మెకానిక్‌ను ఎక్కడ వెతుక్కోవాలి?

ఎలక్ట్రానిక్ పద్ధతిలో పాయింట్ల పని అయస్కాంతం, సెన్సరు చేస్తాయి. రాపిడి లేదు కాబట్టి అరుగుదల లేదు. అయితే జాగ్రత్తలున్నాయి. పాత బండ్లు చాలావరకు 6 ఓల్టులవి. 12 ఓల్టుల కిట్ కొంటే డబ్బు దండగ. బ్యాటరీ బాగుండాలి, టైమింగ్ సరిగ్గా పెట్టించాలి. తీసిన పాయింట్లు డబ్బాలో దాచుకుంటే ఎప్పుడైనా మళ్లీ బిగించుకోవచ్చు. ఇక పోయేదేముంది?

1979లో విఫలమైన రాకెట్‌ను సరిదిద్దుకుని 1980లో రోహిణిని కక్ష్యలో పెట్టిన నేల ఇది. ఇక్కడ కూడా మార్పంటే భయమేనా?

రోటి పచ్చడి రుచే వేరనేవాళ్లు రోలు ముందు కూర్చోరు. పాయింట్ల బండే అందమనేవాళ్లు దాన్ని కిక్ కొట్టరు. నడిపేది మనమైతే, నిర్ణయం కూడా మనదే కావాలి. ఏమంటారు?