కరెంటు మనకు, ప్రమాదం కోనసీమ వాడలకా?

అల్వాల్‌లో మా కాళ్ల కింద గ్రానైట్. కార్బన్ డయాక్సైడ్‌ను దాచే సూక్ష్మరంధ్రాలు దానిలో దాదాపు ఉండవు. కృష్ణా-గోదావరి బేసిన్ ఇసుకరాళ్లలో ఉంటాయి. పైన షేల్ పొర మూతలా కాపాడుతుంది. అందుకే బొగ్గు కాల్చగా వచ్చే ఈ వాయువును, చమురు, గ్యాస్ తోడేసిన పొరల్లోకి పంపే ఆలోచన. నీతి ఆయోగ్ 2022 నివేదిక కూడా భూగర్భ నిల్వను సమర్థించింది.

రాయి ఆపుతుంది సరే, దాన్ని పొడిచిన పాత బావుల సిమెంటు ఆపుతుందా? 1995లో పాశర్లపూడి బావి 65 రోజులు మండింది. 2014లో నగరం గ్రామంలో గ్యాస్ పైప్‌లైన్ పేలి ఇరవై మందికి పైగా చనిపోయారు. కార్బన్ డయాక్సైడ్ మండదు. గాలికన్నా బరువు కాబట్టి, లీకైతే పల్లంలో పేరుకుంటుంది.

జిల్లా పేరులో అంబేద్కర్ ఉంటే చాలదు. పాత బావుల జాబితా బయటపెట్టాలి, లీకేజీకి బాధ్యులెవరో తేల్చాలి, దళితవాడల సమ్మతి తీసుకోవాలి. ఆ తర్వాతే నిల్వ మాట అంటున్నాం.