ఏ బ్యాచ్ ఎవరికి?

మందుల హోల్‌సేల్ కొట్లో సరుకంతా ఒకేలా కనిపిస్తుంది. అదే మాత్ర, అదే అట్టపెట్టె. తేడా అంతా పెట్టె మీద అచ్చేసిన గడువు తేదీలోనే. ముందు గడువు తీరేది ముందు బయటికి పోవాలి. లేకపోతే అది అలమరలోనే కాలం చేస్తుంది. సూత్రం అందరికీ తెలిసిందే. కానీ రోజూ వందల ఆర్డర్లు వస్తుంటే, ఎవరికి ఏ బ్యాచ్‌లోంచి ఎన్ని పెట్టెలు తీయాలన్నది పెద్ద తలనొప్పి. చాలామంది ప్రోగ్రామర్లు దీనికి లూప్ రాసేస్తారు. ఒక్కో ఆర్డరూ తీసుకుని, ఒక్కో బ్యాచ్‌నీ తరుగుతూ పోవడమన్నమాట. పని జరుగుతుంది, నత్తనడకన.

ఎస్‌క్యూఎల్‌లో ఇంతకన్నా మంచి దారి ఉంది. అది రన్నింగ్ టోటల్. బ్యాంకు పాసుపుస్తకంలో నిల్వ గడి లాంటిదే, ప్రతి వరసలోనూ అప్పటిదాకా పోగైన మొత్తం చూపిస్తుంది.

మార్చిలో గడువు తీరే పెట్టెలు 40, జూన్‌వి 70, సెప్టెంబరువి 50 ఉన్నాయనుకోండి. తేదీల వరసలో కూడుతూ పోతే 40, 110, 160. అంటే మార్చి సరుకు 0 నుంచి 40 దాకా, జూన్ సరుకు 40 నుంచి 110 దాకా, మిగతాది ఆ తర్వాత. టైలరు టేపు మీద గుర్తులు పెట్టినట్టే. ఆర్డర్లకూ ఇలాగే ఇంకో టేపు. మూడు ఆర్డర్లు 30, 60, 50 అడిగితే మొత్తాలు 30, 90, 140. ఇప్పుడు రెండు టేపులూ పక్కపక్కన పరవండి. ఎంతమేర కలిస్తే అంత కేటాయింపు. రెండో ఆర్డరు 30 నుంచి 90 దాకా ఉంది కనుక దానికి మార్చివి 10, జూన్‌వి 50. ముగింపుల్లో చిన్నదాంట్లోంచి మొదళ్లలో పెద్దదాన్ని తీసేస్తే వచ్చేదిదే. ఒక్క జాయిన్ చాలు.

మొత్తాల కోసం 'సమ్' పక్కన 'ఓవర్', అందులో 'ఆర్డర్ బై' రాయాలి. ఒక్కో మందుకు విడిగా కావాలంటే 'పార్టిషన్ బై'. ఒరాకిల్‌లో ఇది ఎప్పటినుంచో ఉంది. మైఎస్‌క్యూఎల్ వాళ్లు మాత్రం 2018లో 8.0 వచ్చేదాకా ఆగాల్సి వచ్చింది.

ఇక్కడో గొయ్యి ఉంది. 40 పెట్టెల బ్యాచ్‌కీ, 70 పెట్టెల బ్యాచ్‌కీ గడువు ఒకే తేదీ అయితే? తేదీ ఒక్కటే ఇచ్చి ఊరుకుంటే రెండు వరసల్లోనూ 110 అనే వస్తుంది. అప్పుడు మొదటిది 70 నుంచి 110, రెండోది 40 నుంచి 110 అయి కూర్చుంటాయి. 0 నుంచి 40 దాకా ఖాళీ! సరుకు కళ్లెదుటే ఉన్నా మొదటి ఆర్డరుకు సున్నా, తర్వాతివాళ్లకు అడిగినదానికన్నా ఎక్కువ. తేదీ తర్వాత బ్యాచ్ నంబరు కూడా చేరిస్తే ఈ బాధ తప్పుతుంది.

ఇక కొరత సంగతి. జూన్ సరుకు రానే లేదనుకోండి. ఉన్నవి 90. మొదటి రెండు ఆర్డర్లకే సరి, మూడోదానికి ఒక్కటీ లేదు. ఆ మూడోది ఏ ఆస్పత్రిదో కావచ్చు, మొదటిది ముందుజాగ్రత్తగా గోదాం నింపుకుంటున్న షాపుది కావచ్చు. ఆర్డరు తేదీ ప్రకారం వరస పెడితే యంత్రం అలాగే పంచుతుంది. అవసరాన్ని బట్టి ఇవ్వాలంటే దానికో కాలమ్ పెట్టి, వరసలో తేదీకన్నా ముందు రాయాలి. అందులో ఎవరికి ఏ అంకె వేయాలో ప్రోగ్రామరు తనంతట తానే తేల్చేయకుండా, యజమానిని కూర్చోబెట్టి అడగాలి. అదీ కొరత రాకముందే.