ఉబ్బసం మీద జాలి చాలు

వైరస్ జ్వరాలు ప్రబలిన ప్రతిసారీ మా బేతంచెర్లలో ఒక మాట వినబడుతుంది: "పాపం, ఆయాసం మనిషి, తట్టుకోలేడు!" ఈ జాలితో నాకు పేచీ ఉంది. అందులో సగమే నిజం. మిగిలిన సగం మనుషులను చేతులు ముడుచుకుని కూర్చోబెడుతుంది.

ముందుగా ఆ నిజమైన సగం. ఉబ్బసం ఉన్న పిల్లలకు ఆయాసం ఉధృతమయ్యే సందర్భాలలో అధికభాగం వైరస్‌ల వల్లనే వస్తాయి. వాటిలోనూ మామూలు జలుబును కలిగించే రైనోవైరస్‌దే పెద్ద వాటా. పక్కింటి పిల్లవాడికి రెండు రోజుల ముక్కుకారడంతో పోయేది, వీరికి రాత్రంతా కూర్చుని ఊపిరి లాగే యాతన అవుతుంది. అలర్జీతో వాచిన శ్వాసనాళాలలో వైరస్‌ను నిలువరించే ఇంటర్‌ఫెరాన్ తగినంతగా పుట్టకపోవడం దీనికొక కారణం. 2009 నాటి స్వైన్ ఫ్లూలో అమెరికా వంటి దేశాలలో ఆసుపత్రుల పాలైనవారిలో ఉబ్బసం ఉన్నవారు గణనీయంగా కనిపించారు.

మరి కరోనా? 2020 తొలినాళ్ళలో అందరూ అదే జరుగుతుందని భయపడ్డారు. తీరా లెక్కలు తేలాక, ఉబ్బసం అదుపులో ఉన్నవారికి, ముఖ్యంగా అలర్జీ రకం వారికి, ఇతరులకంటే ఎక్కువగా విషమించలేదని పలు దేశాల పరిశీలనలు చెప్పాయి. ఆ వైరస్ కణంలోకి దూరడానికి వాడుకునే ఏసీఈ-2 గ్రాహకం అలర్జీ ఉన్నవారి శ్వాసనాళాలలో తక్కువగా ఉండటం కారణం కావచ్చునన్నారు. ఉబ్బసానికి వాడే బ్యుడెసొనైడ్ పీల్చుమందు కరోనా రోగులు త్వరగా కోలుకోవడానికి తోడ్పడిందని 2021లో ఆక్స్‌ఫర్డ్ పరిశోధకులు చూపారు. తీవ్రమైన ఉబ్బసంతో స్టెరాయిడ్ మాత్రలు మింగవలసి వచ్చినవారికి మాత్రం ముప్పు పెరిగింది.

అంటే, ముప్పును చాలావరకు నిర్ణయించేది ఆ జబ్బు అదుపులో ఉన్నదా లేదా అన్నదే.

మనం చేస్తున్నదేమిటి? పీల్చుమందు అలవాటైపోతుందని దూరం పెడతాం. అందులోని మైక్రోగ్రాముల స్టెరాయిడ్‌కు జడిసి, ఆయాసం ముదిరాక అదే స్టెరాయిడ్ జాతి మాత్రలను మిల్లీగ్రాములలో మింగుతాం. పెళ్ళి కావలసిన పిల్ల అయితే నలుగురిలో ఇన్‌హేలర్ బయటికి తీయనివ్వం. మృగశిర కార్తెకు హైదరాబాదు వెళ్ళి, శాస్త్రీయ నిరూపణ లేని చేపమందు మింగి వచ్చి, డాక్టరు ఇచ్చిన మందును అటకెక్కిస్తాం.

మా ఊరి బండ ఎందరి ఇళ్ళలోనో నట్టింట మెరుస్తున్నది. దాన్ని కోసి నునుపు చేసే చోట లేచే ధూళి అసలే వాచిన శ్వాసనాళాలను మరింత రేపుతుంది. మూతికి చుట్టిన తువ్వాలు దాన్ని ఆపలేదు. నీళ్ళు పోస్తూ కోయించడం, సరైన మాస్కు ఇవ్వడం యజమానుల బాధ్యత. ఆ మాట ఎత్తకుండా "వాడి ఒంటి తత్వం అంతే" అని తేల్చేయడం మనకు సులభంగా ఉంది.

ఖర్చు మాటేమిటంటారా? ఈ పీల్చుమందులు మన దేశపు అత్యావశ్యక ఔషధాల జాబితాలో ఉన్నవే. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో అవి ఏడాది పొడుగునా దొరకాలని అడగడం గొంతెమ్మ కోరిక కాదు. ఏటా వేయించుకోవలసిన ఫ్లూ టీకా గురించి ఉబ్బసం ఉన్నవారికి చెప్పేవారైనా ఉండాలి.

మిత్రులారా, కాదనేవారుంటే రండి, వాదిద్దాం. అయితే జాలిపడే ముందు ఆ మనిషిని ఒక్క మాట అడగండి: "రోజూ వాడవలసిన మందు వాడుతున్నావా? దొరుకుతున్నదా?"