దేవుడి చెవి – 6: అరుపుకు మడి కట్టేవాళ్లు

మొన్న క్లాసయ్యాక ఒక కుర్రాడు ఇయర్‌ఫోన్స్ నా చేతికిచ్చాడు. "మేడం, ఇది కూడా ఆరాధనేనంటే మా పాస్టరుగారు దయ్యం పాటలన్నారు. మీరే చెప్పండి." విన్నాను. రంపంలా కోసే గిటారు, ఊపిరాడనివ్వని డ్రమ్ములు, గొంతు చీరుకుపోయే కేక. ఒక్క మాటా అర్థం కాలేదు. కానీ ఆ కేక నాకు కొత్తగా అనిపించలేదు. మా పేటలో శవం లేచినప్పుడు విన్నదే.

అది హోర్డ్ పేరుతో 1994లో వచ్చిన 'హెల్లిగ్ ఉస్వార్ట్' ఆల్బమ్. నార్వే భాషలో 'పవిత్రమైనది, నలుపు కానిది' అని. వాయించి, పాడింది ఆస్ట్రేలియా డ్రమ్మర్ జేసన్ షెర్లాక్ ఒక్కడే. అయినా ఆల్బమ్ మీద తన పేరు వేసుకోలేదు.

ఆ రోజులు అలాంటివి. 1992 జూన్ 6న నార్వేలో బెర్గెన్ దగ్గరి ఫాంటాఫ్ట్ చెక్క చర్చిని తగలబెట్టారు. తర్వాత మరికొన్ని చర్చిలు కాలాయి. బ్లాక్ మెటల్ వాయించేవాళ్లలో కొందరికి ఆ దహనాల కేసుల్లో శిక్షలు పడ్డాయి. ఈ సంగీతం క్రీస్తుకు శత్రువుగానే ఉండాలన్నది వాళ్ల పట్టు. అదే గిటారుతో, అదే కేకతో ఒకడు క్రీస్తును స్తుతించేసరికి వాళ్లకు ఒళ్లు మండింది. ఇది 'ట్రూ' బ్లాక్ మెటల్ కాదన్నారు.

మిత్రులారా, ఈ 'ట్రూ'ని మన భాషలో ఏమంటారు? మడి అంటారు. ఎవడు ముట్టుకోవచ్చు, ఎవడు ముడితే మైలపడుతుంది అన్న లెక్క. దేవుణ్ణి వదిలేశారు గానీ మడిని వదల్లేకపోయారు. వాళ్లలో పేరుమోసిన వర్గ్ వికెర్నెస్ తర్వాత బాహాటంగా జాతివాదం మాట్లాడాడంటే నాకేమీ ఆశ్చర్యం లేదు.

మరి చర్చి తక్కువ తిన్నదా? 1980ల్లో అమెరికా టీవీ బోధకుడు జిమ్మీ స్వాగర్ట్ క్రైస్తవ రాక్ మొత్తాన్నీ ఖండిస్తూ పుస్తకమే రాశాడు. చర్చి తగలబెట్టినవాడూ, చర్చిలో బోధించినవాడూ ఒక్క చోట కలిశారు: ఈ శబ్దం దేవుడిది కాదు!

అయ్యా, 88వ కీర్తన తెరిచి చూడండి. చివరిదాకా ఓదార్పు లేదు, చీకటితోనే ముగుస్తుంది. సిలువ మీద యేసు పెద్ద కేక వేశాడని సువార్తలే చెబుతున్నాయి. ఆ కేక ఏ రాగంలో ఉంది? ఏ తాళంలో ఉంది? ప్రాణం పోయేవాడిని మెల్లగా, శ్రుతిలో ఏడవమనే హక్కు మీకెవరిచ్చారు?

నా కోపానికి అసలు కారణం మా పేటలోనే ఉంది. 19వ శతాబ్దంలో ఒంగోలు ప్రాంతంలో క్రైస్తవులైన మాదిగలు ఊరి జాతరలకు డప్పు కొట్టమన్నారు. అది వెట్టి మీద తిరుగుబాటు. వాళ్లకు చేతులెత్తి మొక్కుతాను. కానీ ఈరోజుకీ మా చర్చి గుమ్మం డప్పు దాటకపోవడం తిరుగుబాటా? కాదు, అది మన మీద మనకున్న సిగ్గు. కీబోర్డు పవిత్రం. తబలా పవిత్రం. మా తాత డప్పు మాత్రం అపవిత్రం. తబలాకు మూసిందీ తోలే కదా పెద్దలారా!

హోర్డ్‌ను నేను నెత్తిన పెట్టుకోవడం లేదు. అందులో యుద్ధమంతా సాతానుతోనే. కూలి ఎగ్గొట్టే దొర ఎక్కడా కనిపించడు. కనపడని శత్రువు మీద ఎంత అరిచినా ఏ దొరకీ నిద్ర చెడదు. నార్వేలోనే పుట్టిన ఆంటెస్టర్ బృందం తమ సంగీతాన్ని 'సారో మెటల్' అంది, అంటే దుఃఖపు మెటల్. ఆ పేరు నాకు దగ్గరగా ఉంది. మన దుఃఖానికి మాత్రం కారణం పేరు కూడా తెలుసు. కులం.

ఆ కుర్రాడికి చెప్పాను: "నీ కేక ఆరాధనే నాయనా. కాకపోతే తెలుగులో రాయి. మన ఫరో ఎవడో పేరు పెట్టి రాయి."

అతనికి చెప్పి నేను ఊరుకుంటే తప్పు. ఈ క్రిస్మస్‌కి మా తాత డప్పును మంట మీద కాచి, చంకకు తగిలించుకుని, మా చర్చి గుమ్మం దాటుతాను. ఆపాలనుకునేవాళ్లు ముందు 150వ కీర్తన చదువుకుని రండి. గణగణమనే తాళాల గురించి అక్కడే ఉంది.

జై భీమ్.