నెలవంక అడిగిన ప్రశ్న

షాబాన్ 29వ నాటి సాయంత్రం. మగ్రిబ్ నమాజు ముగియగానే ఇంటిల్లిపాదీ మేడ మీదికి చేరాము. ఎనిమిదవ తరగతి చదువుతున్న మా అమ్మాయి తూర్పు దిక్కుకు తిరిగి నెలవంకను వెదకసాగింది. "అటు కాదు బేటీ, పొద్దు క్రుంకిన వైపు చూడు" అంటూ దాదీ ఆమెను పడమటికి త్రిప్పింది. చంద్రకళల పాఠంలో ఆ పిల్లకు పూర్తి మార్కులు వచ్చి నెల కూడా కాలేదు. చంద్రుడు ఇంత సన్నగా ఎందుకు కనిపిస్తాడని అడిగాము. "భూమి నీడ పడుతుంది కదా!" అన్నది తడుముకోకుండా.

ఈ పొరపాటు మా ఇంటికే పరిమితం కాదు. 1987లో అమెరికాలో రూపొందిన 'ఎ ప్రైవేట్ యూనివర్స్' అనే లఘుచిత్రంలో హార్వర్డ్ విశ్వవిద్యాలయపు విద్యార్థులను, పూర్వ విద్యార్థులను, అధ్యాపకులను ఋతువులకో చంద్రకళలకో కారణం చెప్పమన్నారు. 23 మందిలో 21 మంది పొరబడ్డారు. కాబట్టి పిల్లను మందలించి ప్రయోజనం లేదు. ఆమెను అడిగిన ప్రశ్నలనే పరిశీలించాలి. 'చంద్రకళలు అనగానేమి? పటము గీసి భాగములు గుర్తించుము.' పటం కంఠస్థమైతే చాలు, ఆకాశం వంక చూడనవసరం లేదు.

గ్రాంట్ విగ్గిన్స్, జే మెక్‌టై అనే విద్యావేత్తలు 1998లో వెలువరించిన 'అండర్‌స్టాండింగ్ బై డిజైన్' గ్రంథంలో ఈ వరుసనే తిరగవేశారు. బిడ్డకు చివరికి ఏమి అర్థం కావాలో ముందు నిర్ణయించుకోవాలి. అర్థమైనదనడానికి ఏది నిదర్శనమో తరువాత ఆలోచించాలి. పాఠాన్ని ఆ పిమ్మటనే కూర్చాలి. మన వద్ద పాఠం ముందు నడుస్తుంది, ప్రశ్నపత్రం చివరి వారంలో పుడుతుంది. అదీ తరచుగా పాత ప్రశ్నపత్రాల నుండే!

మేడ మీదనే ఆ పని ఆరంభించాము. నెలవంక ఉన్నదీ పడమటనే, సూర్యుడు దిగినదీ పడమటనే. భూమి నీడ సూర్యునికి ఎదురు దిక్కున కదా పడేది, మరి అది చంద్రుణ్ణి ఎలా చేరుతుంది? పిల్ల చాలాసేపు మాట్లాడలేదు. ఆ మౌనాన్ని చెడగొట్టకుండా ఉండడమే మాకు అన్నిటికంటె కష్టమైనది. మరునాడు చీకటి గదిలో ఒక దీపం వెలిగించి, బంతిని చేతికిచ్చి, తల కంటె కొంచెం ఎత్తుగా పట్టుకొని తన చుట్టూ తాను తిరగమన్నాము. బంతిలో సగం ఎప్పుడూ వెలుగులోనే ఉన్నది; తనకు కనిపించే భాగమే మారుతున్నది. బంతిని దించినప్పుడు మాత్రం, దీపానికి ఎదురుగా వచ్చిన చోట తల నీడ దానిపై పడింది. "ఇది గ్రహణం!" అని తానే అన్నది.

ఇక పరీక్ష. నిరుటి ఈద్ గ్రీటింగు కార్డు ఒకటి తీసి ముందుంచాము. నల్లని నడిరాత్రి, మసీదు గోపురం, నడినెత్తిన సన్నని నెలవంక, దాని కొమ్ముల నడుమ ఒక నక్షత్రం. ఇందులో జరుగనివి ఏవి, ఎందుకని? పుస్తకంలో ఈ జవాబు దొరకదు. సన్నని చంద్రుడు సూర్యునికి చేరువగా ఉంటాడు గనుక నడిరాత్రి నడినెత్తిన ఉండడని ఆమె చెప్పగలిగింది. నక్షత్రం విషయంలో మాత్రం తప్పిపోయింది: అక్కడ చంద్రుడు లేడనుకొన్నది! కొమ్ముల మధ్య ఉన్నది వెలుగు పడని చంద్రగోళమేనని ఇంకా తట్టలేదు. పూర్తి మార్కుల పత్రం మాకు చెప్పని సంగతిని ఈ తప్పు చెప్పింది. బంతిని మళ్ళీ బయటికి తీశాము.

ఆ నెలంతా ప్రతి సాయంత్రం ఒకే వేళకు చంద్రుని రూపాన్ని, స్థానాన్ని నోటుపుస్తకంలో గీయమన్నాము. చేయి చాపి పిడికిలి పట్టితే ఆకాశంలో సుమారు 10 డిగ్రీలు. చంద్రుడు రోజుకు దాదాపు 12 డిగ్రీలు తూర్పుకు జరుగుతాడు. ఏడవ సాయంత్రానికి సగం చంద్రుడు నడినెత్తి దాపునకు చేరాడు. తొమ్మిది, పది సాయంత్రాలలో మబ్బు పట్టింది. ఆ రెండు గళ్ళలో తన ఊహ ప్రకారం చంద్రుణ్ణి చుక్కల గీతతో గీసుకొన్నది. పదకొండవ నాడు ఆకాశం తేటపడింది. చంద్రుడు తాను లెక్క వేసినదానికంటె తూర్పుగా ఉన్నాడు. ఎవరూ చెప్పకుండానే రబ్బరు తీసుకొని, వెనుకటి రెండు బొమ్మలనూ చెరిపి, పిడికిలి చాపి మళ్ళీ కొలవడం మొదలుపెట్టింది.