అపాస్ట్రఫీ తప్పుకి తెలుగుని తిట్టకండి



మన వార్షికోత్సవం ఇంగ్లీషు ఆహ్వానంలో ఒక తప్పు దొర్లింది. "సంఘం తన వార్షికోత్సవం జరుపుకుంటోంది" అనే చోట 'ఇట్స్' అన్న మాటలో ఎస్ ముందు అపాస్ట్రఫీ పడింది. పడకూడదు. రాసింది ప్లస్ టూ చదివే కుర్రాడు. పిలిచి చెబితే దిద్దేవాడు. కానీ ఎర్రగీత గీసి గ్రూపులో ఫొటో పెట్టారు. కింద ఒకరు "ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా, ఇంక ఇంగ్లీషేం వస్తుంది?" అన్నారు. దానికి వరసగా నవ్వు బొమ్మలు. మా గొడవ ఆ నవ్వుతోనే.

1787 నాటి అమెరికా రాజ్యాంగం మొదటి అధికరణం పదో సెక్షన్‌లో ఇదే మాటకి ఇదే అపాస్ట్రఫీ ఉంది. ఆ రోజుల్లో అలా రాసేవారు, నియమం తరవాత గట్టిపడింది. వాళ్ళిళ్ళల్లో తెలుగు మాట్లాడలేదు కదా!

చిక్కు ఇంగ్లీషులోనే ఉంది. "రాము పుస్తకం" అనడానికి రాము పక్కన అపాస్ట్రఫీ, ఎస్ పెట్టమంటారు. అదే లెక్కన 'దాని' అనడానికీ పెట్టాలని పిల్లలు అనుకోరా? కానీ సర్వనామాలకి ఆ లెక్క చెల్లదు. హిజ్, హర్స్, అవర్స్, దెయిర్స్, వేటికీ అపాస్ట్రఫీ లేదు, ఇట్స్‌కీ లేదు. పెడితే అది 'ఇట్ ఈజ్', 'ఇట్ హాజ్'లకి కుదింపు. మింగేసిన అక్షరాలకి గుర్తు.

ఇంగ్లీషులో ఈ రెండూ చెవికి ఒకటే. తెలుగులో కావు. వాక్యాన్ని మనసులో తెలుగు చేసుకోండి. 'దాని', 'తన' వస్తే అపాస్ట్రఫీ వద్దు. 'అది' వస్తే పెట్టాలి. 'మీ' వస్తే యువర్ మామూలుగా రాయాలి, 'మీరు' వస్తే అపాస్ట్రఫీతో. 'వాళ్ళ', 'వాళ్ళు' అయినా, 'ఎవరి', 'ఎవరు' అయినా ఇంతే. తెలుగు వచ్చిన పిల్లాడికి ఈ పాఠం పది నిమిషాల పని. అడ్డం అన్న భాషే ఇక్కడ ఆసరా.

కోరాపుట్, రాయగడ ప్రాంతం 1936 ఏప్రిల్ 1న మద్రాసు నుంచి ఒరిస్సాలో కలిసింది. అప్పట్నుంచి తెలుగు ఇంట్లో, ఒడియా కచేరీలో, ఇంగ్లీషు దరఖాస్తులో పెట్టుకుని బతుకుతున్నాం. మన పక్కనే పర్లాకిమిడిలో గిడుగు రామమూర్తి గారు సవర నేర్చుకుని, సవర పిల్లలకి వాళ్ళ భాషలోనే చదువు చెప్పించారు. ఆయన పేరు చెప్పి ఏటా ఆగస్టు 29న దండలు వేస్తాం. మర్నాడే సొంత పిల్లలతో "తెలుగు మాని ఇంగ్లీషు చూసుకో" అంటామా?

కాబట్టి అడుగుతున్నాం. ఆ ఫొటో తీసెయ్యండి. ఆ కుర్రాడితో ఒక మంచి మాట చెప్పండి. ఆదివారాలు సంఘం హాల్లో ఓ గంట తెలుగు, ఓ గంట ఇంగ్లీషు పక్కపక్కన పెట్టి చెబుదాం. ఎర్రగీత గీయగలిగినవారే ముందుకొచ్చి చెప్పాలి.

ఇంగ్లీషుకి 'అవర్' ఒక్కటే. మనకి 'మా', 'మన' రెండున్నాయి. వాడు వాళ్ళబ్బాయి కాదు, మనబ్బాయి.