చేతిపని: ట్రైలరులో చెమ్మ – మరక ఒకచోట, చిల్లు ఇంకొకచోట

చలికాలమంతా మూసి ఉంచిన ట్రైలరు తలుపును మనలో చాలామంది మార్చి, ఏప్రిల్ నెలల్లోనే మళ్ళీ తెరుస్తారు. తెరవగానే కళ్ళకంటె ముందు ముక్కుకు పని చెప్పండి. పాత బియ్యం డబ్బా మూత తీసినట్టు ముక్కిన వాసన వస్తే, ఎక్కడో నీళ్ళు చేరాయన్నమాట. అప్పుడు సాధారణంగా జరిగేది ఒకటే. గోడమీద మరక వెతికి, దానికి సరిగ్గా బయటవైపు ఒక ట్యూబు సీలెంటు పూసి, చేతులు కడుక్కుంటాం. ఇల్లలకగానే పండుగ కాదు. ఈ నెల మేము చెప్పదలచుకున్నది ఒక్క మాట: నీళ్ళు ఎక్కడ దూరుతున్నాయో కళ్ళారా చూసేదాకా సీలెంటు ట్యూబు మూత తీయకండి.

మన ఊళ్ళలో పెంకుటిల్లు కారితే తల పైకెత్తి చూస్తే చాలు. వెలుతురు కనిపించిన చోట పెంకు జరిగిందన్నమాట. ఆ రాత్రికి కింద గిన్నె పెట్టి, తెల్లవారాక నిచ్చెన వేస్తే సరిపోయేది. ట్రైలరు సంగతి అలా కాదు. కప్పు అంచున దూరిన నీరు రేకుకూ లోపలి పలకకూ మధ్య కర్రల వెంట నడిచి, ఎక్కడ అడ్డు తగిలితే అక్కడ పక్కకు తిరిగి, ఆరేడు అడుగుల దూరాన తేలవచ్చు. పిత్తాశయంలో రాయి ఉంటే కుడిభుజంలో నొప్పి పుట్టవచ్చునని మన డాక్టరు మిత్రులెరుగుదురు. భుజానికి మందు రాస్తే రాయి కరగదు గదా!

ఆలస్యం చేస్తే పోయేదేమిటో తెలియాలంటే గోడ ఎలా కట్టారో తెలియాలి. రేకు గోడల ట్రైలరులో ఒకటిన్నర అంగుళం మందం కర్రల చట్రం, దానికి బయట పల్చటి అల్యూమినియం రేకు, నడుమ ఫైబర్‌గ్లాసు పీచు, లోపల అట్టలాంటి పల్చటి ప్లైవుడ్డు ఉంటాయి. అంతకుమించి ఏమీ లేదు. ఆ పీచు నీళ్ళను పీల్చి పట్టుకుంటుంది. ఎండ సోకదు, గాలి ఆడదు. కలపలో తేమ నూటికి 20 పాళ్ళు దాటి చాలాకాలం నిలిస్తే పుచ్చు పట్టే ప్రమాదం మొదలవుతుంది. పుచ్చిన కర్రలో మరలు పట్టు వదులుతాయి. గంటకు 55, 60 మైళ్ళ వేగంతో రోడ్డుమీద కుదుపులు తింటుంటే మూలలు మరికాస్త విచ్చుకుంటాయి. విచ్చుకున్న మూలలోంచి మరిన్ని నీళ్ళు. బయట రేకు మాత్రం తళతళలాడుతూనే ఉంటుంది. పైగా బూజు పెరిగిన గోడ పక్కన పడుకునేది మన పిల్లలే. ఉబ్బసం ఉన్న పిల్లలకు అది మరీ చెరుపు.

ఏ నీళ్ళు?

ముందు తేల్చుకోవలసినది చిల్లు ఎక్కడని కాదు, నీళ్ళు ఎక్కడివని. అవి మూడు రకాలు.

మొదటిది ఆవిరి నీళ్ళు. మనవాళ్ళ ట్రైలరు ఇడ్లీపాత్ర, కుక్కరు లేకుండా కదలదు. దానికి తోడు, ఒక పౌను ప్రొపేను గ్యాసు మండితే పౌనున్నరకు పైగా నీరు ఆవిరిగా పుడుతుంది. ఆపైన రాత్రంతా నలుగురి ఊపిరి. చల్లటి రాత్రుల్లో ఇదంతా కిటికీ అద్దాలమీద, పరుపుల కింద, అల్మరాల మూలల్లో చెమటలా పడుతుంది. వాన లేని రోజు తెల్లవారుజామున పలుచోట్ల ఒకేసారి తడి కనిపిస్తే ఇదే కారణం కావచ్చు. దీనికి సీలెంటు మందు కాదు. వంట చేసేటప్పుడు కప్పులోని గాలిమూత తెరిచి, ఒక కిటికీ కొంచెం తీసి ఉంచాలి.

రెండవది పైపుల నీళ్ళు. కుళాయిలన్నీ కట్టేసి పంపు స్విచ్చి వేయండి. పైపులు నిండి ఒత్తిడి రాగానే మోటారు ఆగాలి. ఎవరూ నీళ్ళు వాడకుండానే అది ఆగి ఆగి మళ్ళీ తిరుగుతుంటే, ఎక్కడో అతుకు కారుతోంది, లేదా పంపులోని వాల్వు నీటిని వెనక్కి వదులుతోంది. సింకుల కింద, హీటరు వెనుక, టాయిలెట్టు అడుగున పొడి కాగితం పరిచి గంట ఆగి చూడండి. గడ్డకట్టే చలికి ముందు నీళ్ళు పూర్తిగా తీయని ట్రైలరులో పగుళ్ళు ఇక్కడే ఉంటాయి. 1978 నుంచి 1995 దాకా అమెరికాలో విరివిగా వాడిన బూడిదరంగు పాలీబ్యూటిలీను పైపులు పాత ట్రైలర్లలో ఇంకా కనిపిస్తాయి. వాటి అతుకులను మరింత శ్రద్ధగా చూడండి. క్యాంపు మైదానాల కుళాయికి ట్రైలరును కలిపేటప్పుడు ఒత్తిడి తగ్గించే రెగ్యులేటరు తప్పనిసరి.

ఈ రెండూ కావని తేలితే మిగిలినది మూడవది, వాన నీరు. దీని జాడ తీయడమే కష్టం.

జాడ తీయడం

లోపల మొదలుపెట్టండి. పై అల్మరాల వెనుక మూలలు, పరుపుల కింద, తలుపు గడప దగ్గర, చక్రాల పెట్టెల చుట్టూ బొటనవేలితో గట్టిగా నొక్కుతూ రండి. మెత్తగా దిగిన చోట సుద్దముక్కతో గుర్తు పెట్టండి. వాల్‌పేపరు ఉబ్బినా, మర తలలకు తుప్పు పట్టినా గుర్తు పెట్టండి. రెండు సూదులున్న తేమ మీటరు హార్డ్‌వేరు షాపుల్లో దొరుకుతుంది. పొడి కలపలో నూటికి 15 పాళ్ళ లోపు చూపుతుంది. 20 దాటిన చోటల్లా అనుమానించండి.

తరువాత బయటి కరెంటు ప్లగ్గు ఊడదీసి, తోట హోసుతో పరీక్ష చేయండి. ఒకరు లోపల టార్చిలైటుతో, ఒకరు బయట హోసుతో. నీరు ధారగా కొట్టకూడదు, వానలా మెల్లగా పడాలి. ఫ్రిజ్, హీటరు గాలి రంధ్రాల్లోకి కింది నుంచి చిమ్మకూడదు. ముఖ్యమైన సంగతి, కింద మొదలుపెట్టి పైకి వెళ్ళాలి. పైనుంచి మొదలుపెడితే నీళ్ళు అన్ని అతుకులనూ ఒకేసారి తడుపుతాయి. తప్పు ఏ అతుకుదో చెప్పలేం. ఒక్కొక్క చోట పదిహేను నిమిషాలు ఆగి, లోపల పొడిగా ఉంటేనే పై అతుకుకు వెళ్ళాలి.

ఈ ఓపిక ఎంత అవసరమో ఒక ఉదాహరణ. మన సభ్యులొకరి ట్రైలరులో వెనుక పడకమీది కిటికీ కింద చెమ్మ. రెండేళ్ళలో ఆ కిటికీ చుట్టూ మూడు ట్యూబుల సిలికోను పూశారు. మరక మాత్రం పెరుగుతూనే ఉంది. మేము నలుగురం చేరి హోసు పట్టాం. కిటికీ అడుగున పావుగంట, పక్కల పావుగంట, పైన పావుగంట పట్టినా లోపల చుక్క రాలేదు. కప్పు అంచున ఉన్న చిన్న ఎర్రదీపం దగ్గరికి వెళ్ళిన నాలుగు నిమిషాలకు లోపలినుంచి ఆయన భార్య, "ఏమండీ, వస్తోంది, ఆపమనండి!" అని కేక వేశారు. దీపం వెనుక టేపు ఎండి రాలిపోయింది. వైరు కోసం రేకులో చేసిన రంధ్రమే నీటికి దారి అయింది. అక్కడ దూరిన నీరు కర్రవెంట దిగి, కిటికీ చట్రాన్ని చుట్టి, కింద తేలుతోంది. దీపం తీసి మళ్ళీ బిగించడానికి ఇరవై నిమిషాలు పట్టింది. రెండేళ్ళు నానిన కిటికీ కింది కర్రలు మార్చడానికి మాత్రం రెండు వారాంతాలు పట్టాయి.

పైగా కిటికీ చట్రం అడుగున సన్నని రంధ్రాలుంటాయి. జాడిలో చేరిన వాననీరు బయటికి పోవడానికి ఉంచినవవి. సిలికోనుతో వాటిని కూడా మూసేశారు. మరి కొన్నాళ్ళు గడిస్తే కిటికీ కూడా నిజంగానే కారేది.

అనుమానించవలసిన చోట్లు

కప్పు గోడలను కలిసే అంచులు; ముందు, వెనుక మూలల అల్యూమినియం పట్టీలు; కప్పులోని గాలిమూతలు, డ్రెయిను గాలి గొట్టం, యాంటెన్నా; ఏర్‌కండిషనరు; అంచు దీపాలు; కిటికీలు; సామాను తలుపులు. సాధారణంగా ఈ వరుసలోనే చూడండి. గోడలోని మరకకు మూలం పైనే ఉంటుంది గనుక కిటికీని ఆఖరున అనుమానించండి.

బాగు చేయడం

మూల పట్టీలో మరలను కప్పుతూ ఒక వినైలు రిబ్బను ఉంటుంది. ఎండకు అది కుంచించుకుపోతే మరల తలలు తడిసి తుప్పు పడతాయి. రిబ్బను లాగి, మరలు తీసి, పట్టీని ఊడదీసి, ఎండిన పాత టేపును ప్లాస్టిక్ పుట్టీ కత్తితో గీకి, మినరల్ స్పిరిట్సుతో తుడవాలి. కొత్త బ్యూటైల్ టేపు పరిచి, పట్టీ బిగించి, ఒకటి రెండు రోజుల తరువాత అంచున పొంగిన టేపును కోసేసి, కొత్త రిబ్బను తొడగాలి. దీపాలకూ కిటికీలకూ పద్ధతి ఇదే. పైన పూత కాదు, వెనుక టేపే నీటిని ఆపేది.

కప్పుమీద మాత్రం తనంత తాను పరుచుకునే లాప్ సీలెంటు వాడాలి. నిలువు గోడలకు జారని రకం వేరే ఉంది. రబ్బరు కప్పు ఈపీడీఎం రకమా, టీపీవో రకమా చూసుకుని దానికి తగినదే కొనండి. ఈపీడీఎం రబ్బరుమీద పెట్రోలియం ద్రావకాలు తగలనివ్వకండి, రబ్బరు ఉబ్బుతుంది. సిలికోనును ఈ పనులన్నిటికీ దూరంగా ఉంచండి. ఎండిన సిలికోనుమీద మరే సీలెంటూ నిలవదు. కొత్త సిలికోను కూడా సరిగా అంటదు. చివరికి గంటల తరబడి గీకవలసి వస్తుంది.

ఏర్‌కండిషనరు దగ్గర కారితే దాని చుట్టూ సీలెంటు పూయవద్దు. అది వదిలే నీరు బయటికి పోవాలి గదా. లోపలి మూత తీస్తే నాలుగు బోల్టులుంటాయి. కింది స్పాంజి వాషరు సుమారు సగం మందానికి నొక్కుకునేదాకా నాలిగింటినీ సమంగా బిగించాలి. వాషరు ఇప్పటికే అణగారిపోయి ఉంటే కొత్తది వేయాలి.

చిల్లు మూసినంతమాత్రాన లోపలి తడి పోదు. మెత్తబడిన చోట లోపలి పలక విప్పి, తడిసిన పీచు పారవేసి, ఫ్యాను పెట్టి రోజుల తరబడి ఆరనివ్వాలి. పుచ్చిన కర్రను గట్టి కలప తగిలేదాకా కోసి కొత్త ముక్క అతకాలి. బూజు ఉన్నచోట ఎన్-95 మాస్కు, చేతి తొడుగులు లేకుండా పని చేయవద్దు. కప్పు ఎక్కవచ్చునని తయారీదారు పుస్తకంలో లేకపోతే ఎక్కవద్దు, పక్కన నిచ్చెన వేసుకోండి. ఎక్కవచ్చుననుకున్నా, బరువు పంచడానికి ప్లైవుడ్డు పలక పరిచి మోకాళ్ళమీద పనిచేయండి.

కొనబోయేవారికి

పాత ట్రైలరు కొనాలనుకుంటే వాన కురిసిన మర్నాడు చూడడానికి వెళ్ళండి. కొత్త వాల్‌పేపరు, కొత్త రంగు మెరుస్తున్న చోట మొహమాటపడకుండా నొక్కండి. పరుపులు ఎత్తించండి. ఒక మూల మెత్తబడితే మరమ్మతు లెక్క వేసుకుని బేరమాడవచ్చు. నేల రెండు మూడు చోట్ల ఊగితే, ఎంత చవకగా ఇస్తామన్నా ఒక నమస్కారం పెట్టి వచ్చేయండి.

ఇప్పటికే ఉన్నవారు వసంతంలో ఒకసారి, ఆకులు రాలే కాలంలో ఒకసారి కప్పు అతుకులన్నీ చూసుకోండి. నిలిపినప్పుడు నీరు జారేట్టు ఒక చివర కాస్త ఎత్తుగా ఉంచండి. కప్పాలనుకుంటే గాలి ఆడే కవరు కప్పండి. ప్లాస్టిక్ టార్పాలిను చెమ్మను లోపలే బంధిస్తుంది. ఇక మరమ్మతు చేసిన చోట మళ్ళీ పావుగంట హోసు పట్టి చూడండి. ఒక పెద్ద వాన వెలిశాక లోపల వేలితో నొక్కి, పొడిగా ఉందని నిర్ధారించుకున్నాకే పలక తిరిగి బిగించండి.

వచ్చే నెల ఈ శీర్షికలో ట్రైలరు చక్రాల బేరింగులకు గ్రీజు పెట్టడం గురించి. సందేహాలుంటే సంఘం చిరునామాకు రాయండి.